మా అన్నయ్య తాగలేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు నెల రోజుల కిందట ఫోన్ చేసి, "డెల్టా కాలవల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడవయ్యా, నీ ఉద్యోగం అదేగా" అన్నారు. సరేనన్నాను. రాసుకున్నాను కూడా. నిన్న రాత్రి ఊళ్ళోకి వచ్చాక ఆ కాగితాలు మా వదిన గారింట్లో బీరువా మీద పెట్టేశాను. ఇవాళ కాలేయం గురించి మాట్లాడతాను. ఇంజనీరుకి కాలేయంతో ఏం పని అంటారేమో. మా సైన్సు మాస్టారు ఇక్కడే ఉన్నారు. నేను తప్పు చెబితే లేచి చెవి మెలిపెట్టే హక్కు ఆయనకి ఇంకా ఉంది.

మా అన్నయ్య మీలో చాలామందికి తెలుసు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఈ గ్రౌండులోనే వాలీబాల్ ఆడాడు. టెన్త్ తర్వాత చదువు ఆపేసి నాన్నగారితో పొలంలోకి దిగాడు కాబట్టే నేను కాకినాడలో ఇంజనీరింగు చదవగలిగాను. 2015లో పోయాడు. ఏం జబ్బు అని ఎవరైనా అడిగితే "లివర్ పాడైంది" అనేవాళ్ళం. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక అర్థం వచ్చేది. "అయ్యో" అని, కాస్సేపు ఆగి, "అలవాటు ఉండేదా అండి?" అనేవారు. కొందరైతే అడక్కుండానే తేల్చుకున్నారు. దినకార్యం నాడు పందిరి కింద నేనే విన్నాను.

ఆ మాట తప్పు. అది చెప్పడానికే వచ్చాను. ఎందుకు తప్పో చెప్పాలంటే మాత్రం, కాలేయానికి దెబ్బ తగిలితే అది ఏం చేస్తుందో మీకు ముందు చెప్పాలి.

కుడి డొక్క కింద ఉంటుంది. పెద్దవాళ్ళలో దాదాపు కిలోన్నర బరువు. నిమిషానికి ఇంచుమించు లీటరున్నర రక్తం దాని గుండా వెళుతుంది. ఆ రక్తంలో ముప్పావు వంతు గుండె నుంచి నేరుగా వచ్చింది కాదు. పేగులు, ప్లీహం చుట్టి, మనం తిన్నదంతా మోసుకుని, పోర్టల్ సిర అనే పెద్ద కాలవలో వస్తుంది. మిగతా పావు వంతు ధమనిలో వస్తుంది. లోపలికి వచ్చాక ఈ రెండూ కలిసి సన్నటి, అతి సన్నటి కాలవలుగా చీలిపోతాయి. ధవళేశ్వరం దగ్గర ఆగిన నీళ్ళు మూడు డెల్టాలుగా విడిపోయి, పెద్ద కాలవ, చిన్న కాలవ, బోదె అంటూ పది లక్షల ఎకరాల్లో మడి మడికీ చేరినట్టు, ఆ రక్తం ప్రతి కాలేయ కణాన్నీ తడుపుకుంటూ పోతుంది. ఆ కణం తనకి కావలసింది తీసుకుంటుంది, విషం ఉంటే విరుస్తుంది, చక్కెర దాస్తుంది, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు చేసి పంపిస్తుంది, పైత్యరసం ఊరుస్తుంది. బి12, ఫోలిక్ ఆమ్లం లాంటివి నిలవ చేసుకునేదీ అక్కడే. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది ఈ కాలేయపు సారంతోనే. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి 1945లో లోకానికి చూపించింది. మన జిల్లా వాడి గురించి ఒక్క ముక్కైనా చెప్పకుండా ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు. మన్నించండి.

ఈ అవయవానికి మరో గొప్ప గుణం ఉంది. మళ్ళీ పెరుగుతుంది. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు ఎలుకల కాలేయంలో మూడింట రెండొంతులు కోసేస్తే, ఒకటి రెండు వారాల్లో అది దాదాపు పాత సైజుకి వచ్చేసింది. మనిషిలోనూ అంతే, కాస్త ఎక్కువ కాలం పడుతుంది. బతికున్న దాత తన కాలేయంలో సగానికి పైగా ఇచ్చినా, మిగిలినది కొన్ని నెలల్లో సరిపడా పెరుగుతుంది. కోసిన ముక్క తోక మొలిచినట్టు మొలవదు. ఉన్న భాగమే పెద్దదవుతుంది.

మరి అంత గట్టి సరుకు పాడెందుకవుతుంది? నా వృత్తికి దగ్గరగా వచ్చేది ఇక్కడే. ఆ సన్నటి రక్తపు కాలవల గోడకీ కణాలకీ మధ్య ఇరుకు సందులో నక్షత్రం ఆకారంలో కొన్ని కణాలుంటాయి. 1876లో కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూసి నక్షత్ర కణాలనే పేరు పెట్టాడు. మామూలు రోజుల్లో వాటికి పెద్ద పనేమీ ఉండదు. విటమిన్ ఏ దాచుకుని నిమ్మళంగా పడుంటాయి. మన కాలవల మీద లస్కర్లు ఉంటారు చూడండి, గట్టు మీద సైకిలేసుకుని తిరుగుతూ, ఎక్కడైనా కన్నం పడితే పూడుస్తూ, అలా అనుకోండి. కాలేయ కణాలు దెబ్బతిన్నాయని కబురు రాగానే ఈ లస్కర్లు దాచుకున్న విటమిన్ వదిలేసి, వేషం మార్చుకుని, కొలాజెన్ అనే పీచు వేయడం మొదలుపెడతారు. అది మట్టి బస్తా. దెబ్బ తగిలిన చోట కట్టు కూలిపోకుండా ఆపుతుంది. దెబ్బ ఒకసారి తగిలి ఆగిపోతే బస్తాలు తీసేసే ఏర్పాటు కూడా కాలేయంలోనే ఉంది. ఆ పీచుని కరిగించే ఎంజైములు ఉన్నాయి. కొత్త కణాలు పుడతాయి. ఏం జరగనట్టు ఉంటుంది.

దెబ్బ ఆగకపోతే? రోజూ తగులుతూ ఉంటే? లస్కర్లకి ఇంటికి పొమ్మని ఎవరూ చెప్పరు. బస్తాలు వేస్తూనే ఉంటారు. ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు. కాలవ గోడల్లో రక్తానికీ కణానికీ ఇచ్చిపుచ్చుకునే చిన్న చిన్న కిటికీలు మూసుకుపోతాయి. పీచు తాళ్ళలా సాగి ఒకదాన్నొకటి కలుపుకుంటుంది. మధ్యలో మిగిలిన కణాలు పెరగాలనే చూస్తాయి, వాటి స్వభావం అది. చుట్టూ పీచు బిగిసి ఉండటం వల్ల గుండ్రటి గడ్డలుగా పెరుగుతాయి. చుట్టూ నీళ్ళున్నా లోపలికి కాలవ లేని లంకల్లాగ. దీన్నే సిర్రోసిస్ అంటారు. ఆ పేరు పెట్టింది స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు లేనెక్, 1819లో. గ్రీకులో పసుపు కలిసిన గోధుమరంగుకి ఆ మాట వాడతారట. కోసి చూసినప్పుడు ఆయనకి ముందు రంగే కనబడింది.

కాలేయాన్ని చంపేది బయటి దెబ్బ ఒక్కటే కాదు, దాని మరమ్మతే దాన్ని ఊపిరాడనివ్వదు. నేను ముప్ఫై ఏళ్ళుగా గట్లు కట్టిన వాణ్ణి. ఈ సంగతి మొదటిసారి డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇదంతా జరుగుతున్నంత కాలం నొప్పి ఉండదు. కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు, పైపొరలోనే ఉంటాయి. సగం పాడైనా మిగతా సగం పని లాగించేస్తుంది. అన్నయ్య 2012 దాకా ధాన్యం బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

1986 ఆగస్టు వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను సెలవు పెట్టి ఊరొచ్చాను. అన్నయ్య, ఇంకో నలభై మంది రెండు రాత్రులు గట్టు మీదే ఉన్నారు. ఎక్కడ బలహీనంగా ఉందని అందరూ అనుకున్నారో అక్కడ బస్తాలు పేర్చారు. గట్టు అక్కడ తెగలేదు. ఎవరూ చూడని చోట, పాత తూము పక్కన తెగింది. నీళ్ళకి దారి మూస్తే అవి ఆగిపోవు, వెనక్కి ఎగదన్ని ఇంకో దారి వెతుక్కుంటాయి.

పోర్టల్ సిరలో ఒత్తిడి చాలా తక్కువ. ఆ సిరలోని ఒత్తిడికీ కాలేయం దాటాక ఉండే ఒత్తిడికీ తేడా మామూలుగా పాదరసం మట్టంలో 5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. కాలేయం పీచు పట్టి బిగిశాక అది 10 దాటుతుంది, ఇంకా పెరుగుతుంది. వెనక్కి తన్నిన రక్తం ముందు ప్లీహాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లని పట్టి ఉంచేస్తుంది. మీలో ఎవరికైనా రక్తపరీక్షలో ఏళ్ళ తరబడి ప్లేట్‌లెట్లు తక్కువగా వస్తూంటే, జ్వరం వల్లేలే అని వదిలెయ్యకండి. తర్వాత రక్తం పక్కదారులు పడుతుంది. అన్నవాహిక అడుగున ఉండే సన్నటి సిరలు ఆ వరద మొయ్యడానికి పుట్టినవి కావు. పంట బోదెలోకి పెద్ద కాలవ నీళ్ళు వదిలినట్టే. 12 దాటాక అవి పగిలే ప్రమాదం మొదలవుతుంది.

2013 డిసెంబరులో, మాసూళ్ళ సమయంలో, కళ్ళం దగ్గర అన్నయ్య నెత్తురు కక్కుకున్నాడు. బకెట్టు సగం నిండిందని వదిన చెప్పింది. రాజమండ్రి తీసుకెళ్ళేటప్పటికి పడిపోయాడు. ఎండోస్కోపీ చేసి, ఉబ్బిన సిరలకి రబ్బరు బ్యాండ్లు వేసి ఆపారు. బతికాడు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో నేను మా అన్నయ్యని ఒక మాట అడిగాను. అడిగానని ఇవాళ మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. "నిజం చెప్పు అన్నయ్యా, ఎప్పట్నుంచి తాగుతున్నావు?" అన్నాను.

వాడు నా వంక చూసి, "నువ్వు కూడానా తమ్ముడూ" అన్నాడు.

మర్నాడు పరీక్షలు వచ్చాయి. హెపటైటిస్ బి.

ఆ వైరస్ సంగతి చెబుతాను. దాన్ని మొదట పట్టుకున్నది బ్లుంబర్గ్ అనే అమెరికన్. 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో ఏదో తెలియని పదార్థం కనబడితే వెంటబడి, అది కామెర్లు తెచ్చే వైరస్‌దని తేల్చాడు. 1976లో నోబెల్ వచ్చింది. ఈ వైరస్ కాలేయ కణంలో కాపురం పెడుతుంది గానీ సాధారణంగా తానుగా కణాన్ని చంపదు. మన ఒంటి రక్షకదళమే, ఇంట్లో దొంగ ఉన్నాడని, ఇంటినే పడగొడుతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మంది దాన్ని వదిలించుకుంటారు. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. పసివాడి ఒంటికి అది పరాయిదని తెలియదు. ఏళ్ళ తరబడి చప్పుడు ఉండదు. యౌవనం వచ్చాకో ముప్ఫైల్లోనో ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి యుద్ధం మొదలుపెడుతుంది. లస్కర్లు బస్తాలు మొయ్యడం అప్పుడు మొదలవుతుంది.

మా అమ్మ 1999లో కడుపులో గడ్డతో పోయింది. ఏ గడ్డ అని మేం అడగలేదు. పెద్దావిడ, కాలం తీరింది అనుకున్నాం. ఈ వైరస్ ఉన్నవాళ్ళకి కాలేయ క్యాన్సరు రావచ్చునని, సిర్రోసిస్ రాకముందే కూడా రావచ్చునని, నాకు పద్నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. ఆవిడకి వచ్చింది అదేనని రుజువేం లేదు. నేను మాత్రం అదేననుకుంటున్నాను.

2014 వేసవిలో అన్నయ్యకి కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు పట్టింది. జలోదరం. ఇక్కడ మేం చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. పసరు మందుకి తీసుకెళ్ళాం. రెండు నెలలు. మందు పోసిన ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళు చాలామంది బాగయ్యారు, అది కూడా నిజమే. మన వైపు కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఏ, ఇ రకాలు. అవి చాలామందికి కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పేరు పసరుకి వస్తుంది. గర్భిణులకి మాత్రం ఇ రకం చాలా ప్రమాదం, వాళ్ళని ఆస్పత్రికే తీసుకెళ్ళాలి. ఇక నేల ఉసిరి. దాన్ని కొట్టిపారెయ్యడానికి వీల్లేదని ఆ రోజుల్లో నేనే వాదించాను, ఎందుకంటే బ్లుంబర్గ్ అంతటివాడు మద్రాసు శాస్త్రవేత్తలతో కలిసి దాని మీద పనిచేశాడు. 1988లో లాన్సెట్ పత్రికలో మంచి ఫలితాలే అచ్చయ్యాయి. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. నేను మొదటి సగం చదివి ఆగాను.

పసరు నుంచి ఆస్పత్రికి మళ్ళేటప్పటికి జబ్బు మెదడుదాకా వచ్చింది. పేగుల్లో పుట్టే అమ్మోనియాని విరిచే పని కాలేయానిది. అది చెయ్యలేనప్పుడు, పైగా రక్తం పక్కదారుల్లో కాలేయాన్ని తప్పించుకుని పోతున్నప్పుడు, ఆ విషం మెదడుకి చేరుతుంది. అన్నయ్య పగలు నిద్రపోయి రాత్రి మేలుకునేవాడు. చేతులు చాపమంటే పక్షి రెక్కల్లా అల్లాడేవి. బ్యాంకులో ఇచ్చిన చెక్కు సంతకం కలవలేదని వెనక్కి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఒకే సంతకం పెట్టినవాడు. మాట తడబడేది, నడక తూలేది. పాలకేంద్రం దాకా వెళ్ళి దారి తప్పి వచ్చాడు ఒకరోజు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? "ఆయ్, పొద్దున్నే వేసుకొచ్చారండి మీ అన్నగారు" అని ఒకాయన నాకే ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. తిట్టడానికి చెప్పడం లేదు. నేను ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఈ జబ్బు ముదిరాక చుక్క ముట్టనివాణ్ణి కూడా తాగినవాడిలా చూపిస్తుంది. లాక్టులోజ్ అనే తియ్యటి ద్రావకం రోజుకి రెండు మూడు సార్లు విరేచనం అయ్యేలా పట్టిస్తే మనిషి మళ్ళీ మామూలుగా మాట్లాడేవాడు. అది నాలుగు రోజులు మానేస్తే మళ్ళీ తూలేవాడు.

మార్పిడి ఒక్కటే దారి అన్నారు. దాత ఎవరు? నేను. వాడు చదువు మానితే చదివినవాణ్ణి. ఇద్దరి రక్తం గ్రూపూ ఒకటే. హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో నాకు పరీక్షలు మొదలయ్యాయి. మొదటి రోజు సాయంత్రమే పిలిచి కూర్చోబెట్టారు. నాకూ హెపటైటిస్ బి ఉంది. కాలేయంలో పీచు పట్టడం మొదలైంది. ఫైబ్రోస్కాన్ అని ఒక యంత్రం ఉంటుంది. డొక్క మీద చిన్న తాటింపు ఇచ్చి, ఆ అల లోపల ఎంత వేగంగా పోతుందో కొలుస్తుంది. మెత్తగా ఉంటే నెమ్మదిగా పోతుంది, గట్టిగా ఉంటే వేగంగా. ఆ కొలత కిలోపాస్కల్స్‌లో చెబుతారు. మామూలు కాలేయం 5 చుట్టుపక్కల ఉంటుంది, 12, 13 దాటితే సిర్రోసిస్ అని అనుమానిస్తారు. నాది 9.8. మట్టి గట్టిదనం కొలిచే పనిలో తల నెరిసినవాణ్ణి, నా కడుపులో గట్టిదనం నాకు నలభై ఏడో ఏట తెలిసింది.

నా కాలేయం పనికిరాదన్నారు. అన్నయ్య కొడుక్కి వైరస్ లేదు గానీ, వాడి రక్తం గ్రూపు కలవలేదు. చనిపోయిన దాత నుంచి వచ్చే అవయవం కోసం పేరు నమోదు చేయించాం. ఎనిమిది నెలలు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్నాను. 2015 ఆగస్టులో పొట్టలో నీటికి చీము పట్టి, మూత్రపిండాలు ఆగిపోయి, అన్నయ్య పోయాడు. అవయవదానం నమోదు చేసే జీవన్‌దాన్ మన తెలుగునాట మొదలైంది 2013లోనే. ఇక్కడున్నవాళ్ళలో ఎంతమంది పేరు ఇచ్చారో నేను అడగను.

ఇప్పుడు నా సంగతి. 2015 నుంచి రోజుకి ఒక మాత్ర వేసుకుంటున్నాను. టెనోఫోవిర్. వైరస్‌ని పూర్తిగా తరిమెయ్యదు, పిల్లలు పెట్టనివ్వదు, అంతే. రక్షకదళానికి పని తగ్గుతుంది, దెబ్బ ఆగుతుంది, లస్కర్లు బస్తాలు దించుతారు. ఆ తర్వాత జరిగేది నాకిప్పటికీ ఆశ్చర్యమే. పేర్చిన బస్తాలని కాలేయం తనే ఒక్కొక్కటిగా తీసేస్తుంది. మచ్చ ఒకసారి పడితే పోదని మొన్నమొన్నటి దాకా వైద్యులే చెప్పేవారు. 2013లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, ఈ మందు అయిదేళ్ళు వాడిన 348 మంది కాలేయపు ముక్కలు ముందూ వెనకా పోల్చి చూశారు. మొదట్లో సిర్రోసిస్ ఉన్నవాళ్ళు 96 మంది. అయిదేళ్ళ తర్వాత వాళ్ళలో 71 మందికి అది సిర్రోసిస్ స్థాయిలో లేదు. పోయిన సంవత్సరం నా కొలత 6.1. ఆరు నెలలకోసారి క్యాన్సరు కోసం స్కానింగు మాత్రం చేయించుకుంటూనే ఉంటాను. అది తప్పదు. వైరస్ ఉన్న ప్రతివాళ్ళకీ మాత్ర అక్కర్లేదు కూడా. చాలామందికి ఏడాదికి ఒకటి రెండు సార్లు చూపించుకుంటే చాలు. ఎవరికి కావాలో డాక్టరు చెబుతారు.

ఇదే మాత్ర అన్నయ్యకి ముప్ఫై అయిదో ఏట దొరికి ఉంటే, అని లెక్క వేస్తాను. 1997లో మందు మనకి లేదు. టీకా ఉంది. అదీ మన తెలుగువాళ్ళ చేతి నుంచే. వరప్రసాద్ రెడ్డి గారు, నెల్లూరు వైపు మనిషి, చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. బయటి దేశం నుంచి వచ్చే హెపటైటిస్ బి టీకా మామూలు కుటుంబాలకి అందని ధరలో ఉంటే, 1993లో తల్లి శాంత గారి పేరున హైదరాబాదులో కంపెనీ పెట్టి, 1997లో మన దేశపు మొదటి రీకాంబినెంట్ టీకా తెచ్చారు. ధర ఎన్నో రెట్లు పడిపోయింది. మా అమ్మాయి 1998లో పుట్టింది. రాజమండ్రిలో పిల్లల డాక్టరు గారు రాస్తే వేయించాం. దేనికో కూడా నేను అడగలేదు. ఆ మూడు సూదులు నా బిడ్డని నా నుంచే కాపాడాయేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. 2011 నుంచి దేశమంతా పిల్లలకి ఉచితంగా వేస్తున్నారు. పుట్టిన 24 గంటల్లోపు వెయ్యాల్సిన మొదటి మోతాదే అన్నిటికన్నా ముఖ్యం. మనవలు పుట్టబోయే వయసులో ఉన్నాం కాబట్టి ఇది మన బాధ్యత.

అంటే సమస్య మన తరానిది. ఈ హాల్లో ఉన్న తరానిది. టీకా రాకముందు పుట్టినవాళ్ళం. గాజు సిరంజి ఉడకబెట్టి, ఒకే సూది ఊరందరికీ పొడిచిన రోజుల్లో పెరిగినవాళ్ళం. ఒకే బ్లేడుతో వీధి చివర గడ్డం గీయించుకున్నవాళ్ళం. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదికలో మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు 2 కోట్ల 98 లక్షలని ఉంది. వాళ్ళలో అత్యధికులకి ఉన్నట్టు తెలియదు.

కాలేయాన్ని గట్టిపరిచేది ఇదొక్కటే కాదు. మద్యం ఉంది, నిశ్చయంగా ఉంది. దాన్ని వెనకేసుకు రావడానికి నేను రాలేదు. షుగరు, పొట్ట ఉన్నవాళ్ళకి కొవ్వు పట్టిన కాలేయం ఉంది. స్కానింగు కాగితంలో "ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్" అని చూసి నవ్వుకుని మడత పెట్టేసినవాళ్ళు నా బ్యాచ్‌లోనే అయిదుగురున్నారని నాకు తెలుసు. చాలామందిలో అది అక్కడే ఆగిపోతుంది, కొందరిలో ఆగదు. అక్కడా జరిగేది ఇదే కథ, అవే లస్కర్లు, అవే బస్తాలు. ఒంటి బరువులో పదో వంతు తగ్గితే ఆ పీచు కూడా తగ్గుతుందని తేలింది. మధ్యాహ్నం పూతరేకులు ఎన్ని తిన్నామో ఎవరికి వాళ్ళం లెక్క పెట్టుకుందాం. నేను మూడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది కలిసి తింటే రాదు. ఒకే కంచంలో తిన్నా, చెయ్యి కలిపినా, కౌగిలించుకున్నా, దగ్గినా రాదు. రక్తం వల్ల, దాంపత్యం వల్ల, పుట్టుకలో తల్లి నుంచి వస్తుంది. ఈ సంగతి తెలియక అన్నయ్యకి ఆఖరి ఏడాది విడిగా పళ్ళెం, గ్లాసు పెట్టాం. వదిన ఇవాళ్టికీ ఆ గ్లాసు పారెయ్యలేదు. నేను నిన్న రాత్రి అందులోనే మంచినీళ్ళు తాగాను. ఇవాళ నా జబ్బు పేరు మైకులో చెప్పమన్నది కూడా ఆవిడే. "ఆయన మాట ఎవరూ నమ్మలేదు, నువ్వు చెబితే నమ్ముతారు" అంది.

సంఘం వాళ్ళని ఒప్పించి ఒక ఏర్పాటు చేయించాను. రేపు పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకా ఎనిమిదో తరగతి బి సెక్షను గదిలో ల్యాబ్ వాళ్ళు ఉంటారు. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం, పావుగంటలో ఫలితం. మూసిన కవరులో మీ చేతికే ఇస్తారు, జాబితా ఎక్కడా అంటించరు. పాజిటివ్ వస్తే కంగారు పడకండి, నా ఫోన్ నంబరు కార్యదర్శి గారి దగ్గర ఉంది. 2018 నుంచి ప్రభుత్వ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఎక్కడికి వెళ్ళాలో, ఏ కాగితం పట్టుకెళ్ళాలో నేను దగ్గరుండి చెబుతాను. లేదని వచ్చినవాళ్ళు టీకా వేయించుకోవచ్చు. మొదటిది వేయించుకున్నాక నెలకి ఒకటి, ఆరు నెలలకి మరొకటి. ఈ వయసులో ఎందుకు అనకండి. భార్యల్ని, అక్కచెల్లెళ్ళని కూడా తీసుకురండి.

పేర్లు రాసుకునే పుస్తకం మన పాత హాజరు పట్టీయే. ఇందాక వేదిక ఎక్కేముందు చూశాను, పదకొండు పేర్లున్నాయి. మొదటిది మా సైన్సు మాస్టారిది. ఎనభై రెండేళ్ళ వయసులో, తన చేత్తోనే రాసుకున్నారు.